బీడు బొమ్మ తుపాకులు



దీపావళికి కర్నూలు, కడప సీమలలో పిల్లలు రేకు తుపాకులతో ఎఱ్ఱకాగితపు బిళ్ళలు ప్రేల్చుట అందఱెఱిగినదే. వానికి పూర్వజులైన పోతయినుప తుపాకులు, అనగా బీడు తుపాకులు, పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున అమెరికాలో ప్రబలినవి. కనెక్టికట్ రాష్ట్రమందలి క్రామ్వెల్‌లో 1843లో వెలసిన స్టీవెన్స్ కర్మాగారము వీనిని విరివిగా పోతపోసినది. రెండవ ప్రపంచయుద్ధమున ఇనుము యుద్ధసామగ్రికి మరలుటతో ఆ పోతలు నిలిచిపోయినవి. సేకరించువారికి వానిపై మక్కువ అందువలననే.

నకళ్ళును తక్కువ కావు. పాత ఇనుము వర్తకునికి తూకమున కమ్ముటకు ముందే వస్తువును పరీక్షింపవలెను. తలపై కూడిక గుర్తువంటి గాటున్న మర 1930ల నుండి వ్యాపించినది. అట్టి మర ఉన్నచో తుపాకి నకలైనను కావలెను, మరయైనను మార్చియుండవలెను. నకళ్ళలో రెండు సగములు కలియుచోట సందు కనబడును, మేను గరుకుగా నుండును. నారింజరంగు తుప్పు కొత్తది. పాత తుప్పు ముదురు గోధుమరంగు.

సుత్తి తగులుచోట తుప్పు హెచ్చుగా నుండుటకు కారణము కలదు. బిళ్ళలోని పొటాషియం క్లోరేటు ప్రేలిన పిమ్మట ఒక విధమైన ఉప్పుగా మిగిలి, తేమ తగిలినప్పుడెల్ల ఇనుమును తినును. ఈ సీమ వానలేమి పంటకు శాపమే కాని, ఇనుప బొమ్మకు మేలు! అయినను చింతపండుతో తోమి తళతళలాడించుట తగదు. పాత రంగుతోడనే విలువయు పోవును. మెత్తని గుడ్డతో తుడిచి, పలుచగా నూనె పూసి, పిల్లల చేతికందని చోట నుంచవలెను. నేలపడిన బీడు కుండవలె పగులును; దాని నతుకుట కమ్మరికిని కష్టమే.