కార్మెన్‌కు మాటలు రాసినవాడు: లుదోవిక్ అలేవీ



ఎవరి స్మృతిలో ఏటా ఈ ఉపన్యాసం జరుగుతోందో, ఆయన రంగస్థలం మీద కనిపించింది తక్కువ. సైడ్ వింగులో నిలబడి నటులకు మాట అందించిందే ఎక్కువ. అందుకే ఈసారి, రచన బతికి ఉండగా పేరు మరుగున పడిన ఒక నాటక రచయిత గురించి మాట్లాడతానన్నాను. ‘కార్మెన్’ ఎవరిదని అడిగితే సంగీతకర్త బిజేది అంటారు. ఆ ఒపెరాకు మాటలు, పాటలు రాసిన ఇద్దరి పేర్లు దాన్ని చూసి వచ్చినవాళ్లలోనూ చాలామందికి తెలియవు. ఒకరు హెన్రీ మెయాక్. రెండోవారు లుదోవిక్ అలేవీ. నేటి ప్రసంగం అలేవీ గురించి.

అలేవీ 1834 జనవరి 1న పారిస్‌లో పుట్టాడు. తండ్రి లియోన్ రచయిత, పెదతండ్రి ఫ్రొమాంతాల్ పేరున్న సంగీతకర్త. ఇంత కళ ఉన్న ఇంటివాడు పద్ధెనిమిదేళ్లకే ప్రభుత్వ గుమాస్తాగిరీలో చేరాడు. పగలు ఫైళ్లు, రాత్రి ప్రహసనాలు. 1858లో ఆఫెన్‌బాక్ స్వరపరచిన ‘పాతాళంలో ఓర్ఫియస్’ రచనలో ఆయనకు భాగం ఉంది. అప్పుడే అల్జీరియా మంత్రిత్వ శాఖలో పెద్ద పదవి వచ్చింది. దేవుళ్ల చేత చిందులు వేయించే నాటకం మీద ఆ హోదాలో ఉన్నవాడి పేరు బాగుండదని తన పేరు వేయించుకోలేదు. పేరు సహ రచయిత క్రెమ్యూది పడింది. అలేవీకి మిగిలింది అంకితం.

తర్వాత చట్టసభ కార్యాలయంలో కొలువు. సభాధ్యక్షుడు మోర్నీ ప్రభువు, సాక్షాత్తూ మూడో నెపోలియన్ చక్రవర్తికి సవతి సోదరుడు. ఆయనకూ నాటకాల పిచ్చి. మారుపేరుతో ఆయన రాసిన ప్రహసనానికి చేయి సాయం చేసినవారిలో అలేవీ ఉన్నాడు. అంటే, రాజ్యం ఎలా నడుస్తుందో ఈ గుమాస్తా గుమ్మం లోపలి నుంచే చూశాడు. 1865లో మోర్నీ చనిపోయాడు. ఆ ఏడే అలేవీ ఉద్యోగం మానేశాడు.

మెయాక్ పరిచయం 1860లో. అప్పటి నుంచి సుమారు ఇరవై ఏళ్లు ఇద్దరూ కలిసి రాశారు. జంటకవులు మనకు కొత్త కాదు. తిరుపతి వేంకట కవుల పద్యాల్లో ఏది ఎవరిదని ఇప్పటికీ వాదించుకునేవాళ్లున్నారు. ఇక్కడా అంతే. కల్పన మెయాక్‌ది, పొందిక అలేవీదని విమర్శకులు పంచిపెట్టారు. ఇంత సులువైన పంపకం నాకు నమ్మబుద్ధి కాదు.

1864లో ‘లా బెల్ ఎలెన్’ వచ్చింది. ట్రాయ్ యుద్ధానికి కారణమైన హెలెన్ కథే, కానీ పూజారి భక్తులు తెచ్చిన కానుకల్లో పూలే ఎక్కువయ్యాయని సణుగుతాడు. రాజులు పొడుపుకథల పోటీ పెట్టుకుంటారు; విప్పాల్సిన మాట రైలింజన్! రైలు పుట్టడానికి వేల ఏళ్ల ముందు దాన్ని విప్పినవాడి తెలివికి సభ జేజేలు కొడుతుంది. హెలెన్ తనకు ఇష్టమైన పనల్లా చేసి, అంతా విధి అంటుంది.

1867లో పారిస్‌లో అంతర్జాతీయ ప్రదర్శన జరిగిన ఏడాది ‘గెరోల్‌స్టైన్ గ్రాండ్ డచెస్’ ఆడింది. అందులో సేనాపతి పిస్తోలు పేల్చి, ఆ పొగను నశ్యంలా పీలుస్తాడు. రాణిగారికి ఒక సిపాయి నచ్చాడు, అంతే, అంకం ముగిసేలోగా అతను సర్వసైన్యాధ్యక్షుడు. శత్రుసైన్యానికి తప్పతాగించి యుద్ధం గెలుస్తాడు. రాణిగారి మనసు మారగానే మళ్లీ సిపాయి. రష్యా జార్, బిస్మార్క్ వచ్చి చూసి వెళ్లారు. మూడేళ్లకు బిస్మార్క్ ఎత్తు, ప్రష్యా సైన్యం కలిసి ఫ్రెంచి సామ్రాజ్యాన్ని కూల్చాయి.

ఈ జంట ఆ పతనాన్ని ముందే చెప్పిందనేవారున్నారు. నాకు అది అతిశయోక్తి. వీరిది తిరుగుబాటు హాస్యం కాదు, దర్బారులో కూర్చుని దర్బారును చూసి నవ్వడం. దర్బారూ వారితో పాటే నవ్వింది. కొరడా దెబ్బకు ఎవరూ టికెట్ కొనరు కదా.

వీరి ప్రహసనం ‘రెవెయోన్’ (1872) ఆధారంగానే వియన్నాలో యోహాన్ స్ట్రాస్ స్వరపరచిన ‘ఫ్లెడర్‌మౌస్’ (1874) వచ్చింది.

ఇక ‘కార్మెన్’. బిజే భార్య జెనెవియెవ్ ఫ్రొమాంతాల్ కూతురు. మన లెక్కలో అలేవీకి బిజే చెల్లెలి భర్త. ప్రేమికుడి చేతిలో కార్మెన్ హతమయ్యే, మెరిమే రాసిన కథను ఒపెరా కొమిక్ నాటకశాలకు ఒపెరాగా రాయాలన్నది బిజే పట్టుదల. నాటకశాల నిర్వాహకుల్లో ఒకరైన దె ల్యూవెన్ హడలిపోయాడు. అది కుటుంబాలు వచ్చే హాలు. రాత్రికి ఐదారు బాక్సులు పెళ్లిచూపుల కోసమే తీసుకునేవారట. అక్కడ వేదిక మీద హత్యా? అలేవీ వెళ్లి సర్దిచెప్పాడు: కథలోని దొంగలను నవ్వించేవాళ్లుగా మారుస్తాం, మికయేలా అనే అమాయకపు పిల్లను చేరుస్తాం అని.

మాట నిలబెట్టుకున్నాడు. నా అభిప్రాయంలో, చేదు తగ్గించడానికి చేసిన ఆ మార్పులే విషాదానికి పదును పెట్టాయి. మూడో అంకంలో ముగ్గురు స్త్రీలు పేకలు పరిచి జాతకం చూసుకుంటారు. ఒకతెకు పడుచు ప్రేమికుడు వచ్చాడు. ఇంకొకతెకు ముసలి ధనవంతుడు. పెళ్లాడి, త్వరగా చచ్చి, ఆస్తి వదిలిపోతాడని ఆమె మురిసిపోతుంది. పక్కనే కార్మెన్ ముక్క తిప్పితే చావు. మళ్లీ తిప్పితే మళ్లీ చావే. ఆమె ఏడవదు. ఆ ఇద్దరి ఇకఇకలు ఆగవు. పదిహేనేళ్లు ప్రహసనాలు రాసి చేయి తిరిగినవాళ్లకే ఈ ఎత్తు తడుతుంది. కేవలం విషాదం రాసేవాడైతే ముగ్గురినీ ఏడిపించేవాడు.

1875 మార్చి 3న తొలి ప్రదర్శన. నీతి లేదని పత్రికలు మండిపడ్డాయి. జూన్ 3న, ముప్ఫై ఆరేళ్లకే బిజే పోయాడు. ఆ అక్టోబరులో వియన్నా ప్రదర్శన కోసం గిరో అనే సంగీతకర్త, పాటల మధ్య ఉన్న మాటలకు బదులు సంగీతంలో పలికే భాగాలు కూర్చాడు. అదే రూపం దేశదేశాలు తిరిగింది. మన జంట రాసిన సంభాషణ చాలామటుకు పోయింది, దానితో పాటు హాస్యం కూడా.

తర్వాతి అలేవీ వేరు. నాట్యకత్తెల తల్లిదండ్రుల మీద రాసిన ‘కార్దినాల్ కుటుంబం’ కథలకు చిత్రకారుడు దెగా బొమ్మలు వేశాడు. ఇద్దరి పాత స్నేహమూ, యూదు సైనికాధికారి డ్రేఫుస్ మీద దేశద్రోహ నేరం మోపిన వ్యవహారంలో తెగింది. దెగా యూదు ద్వేషుల పక్షం చేరాడు, అలేవీ ఇంటివారి మూలాలు యూదువి. 1882లో రాసిన ‘అబ్బే కాన్‌స్తాంతాన్’ నవలలో అందరూ మంచివాళ్లే. అది విపరీతంగా అమ్ముడుపోయింది. 1884లో ఫ్రెంచ్ అకాడమీకి ఎన్నికయ్యాడు. నన్నడిగితే, ఆ నవల మొత్తానికీ ‘లా బెల్ ఎలెన్’లోని పూజారి సణుగుడు ఒక్కటీ సమాధానం చెబుతుంది. 1908 మే 7న మరణించాడు.

1964లో ఓజర్ అనే సంపాదకుడి ‘కార్మెన్’ కూర్పు వెలువడ్డాక పాత సంభాషణలు మళ్లీ వేదికల మీదికి వస్తున్నాయి. మీలో ఎవరికైనా ‘కార్మెన్’ చూసే అవకాశం కలిగితే, ప్రత్యక్షంగానైనా, తెర మీదనైనా, దయచేసి మాటలున్న ప్రదర్శననే ఎంచుకోండి.