స్తూపం సరే, నేల సంగతేంది?

(సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఆగస్టు 27న మనం బైరాన్‌పల్లిని యాది చేసుకుంటం. 1948లో ఆ రోజు రజాకార్లు, నిజాం బలగాలు ఆ ఊరిమీద పడ్డయి. అంతకుముందు వచ్చిన దాడులను ఊరోళ్లు బురుజు మీదికెల్లి తిప్పికొట్టిన్రు. ఆ పగతోనే ఈసారి పెద్ద బలగంతో వచ్చి, దొరికినోళ్లను దొరికినట్టు కాల్చి చంపిన్రు. సరిగ్గా 3 వారాలకు, సెప్టెంబర్ 17న, నిజాం లొంగిపోయిండు.

బురుజు ఇయ్యాల్టికీ నిలబడి ఉన్నది. కానీ పోరాటం బురుజు ఒక్కదాని మీదనే జరగలేదు. గల్లీల్ల జరిగింది, చేన్లల్ల జరిగింది. బురుజు మీదికెల్లి ఎటు చూస్తే శత్రువు కనబడ్డడో ఆ నేలంతా యుద్ధభూమే. పరకాలలో 1947 సెప్టెంబర్ 2న జెండా ఎగరేయబోయినోళ్ల మీద కాల్పులు జరిగితే, 2003లో అమరధామం కట్టుకున్నం. కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిండు. ఇసొంటి ఊర్లల్ల స్తూపాలకు దండలేస్తున్నం. మరి చుట్టూ ఉన్న నేల సంగతేంది?

భూమి ధర పెరిగితే ఏమైతదో పద్మారావు నగరోళ్లకు చెప్పనక్కర్లేదు. పాత బంగళాలు మన కండ్ల ముందే అపార్ట్‌మెంట్లు అయినయి. రేపు బురుజు పక్క చేను వెంచరైతే ఆపే చట్టమేది? కేంద్రం 1958లో చేసిన పురాతన కట్టడాల చట్టం కిందికి రావాలంటే కట్టడానికి కనీసం 100 ఏండ్లు నిండాలె. 1948 నాటి పోరాట స్థలానికి 2048 దాకా ఆ అర్హతే రాదు. అప్పటికి ఏం మిగుల్తది?

సర్కారు ఆ భూములు గుంజుకోవాలె అని కొందరంటరు. మేము ఒప్పుకోం. దున్నేటోనికి భూమి కావాలని ప్రాణాలిచ్చినోళ్ల పేరుమీద, దున్నేటోని భూమి గుంజుకునుడు ఏం న్యాయం? వాళ్ల జ్ఞాపకానికి అంతకన్నా అవమానం లేదు.

ఇంకో తొవ్వ ఉన్నది. అమెరికాలో అంతర్యుద్ధం నాటి మైదానాలను అట్లనే కాపాడుతున్నరు. పట్టా రైతు పేరనే ఉంటది. దున్నుకోవచ్చు, అమ్ముకోవచ్చు, పిల్లలకు ఇయ్యొచ్చు. ఇండ్లు కట్టే హక్కు, నేల తవ్వే హక్కు మాత్రం ఒక ట్రస్టుకు రాసిస్తడు. దానికి పైసలన్న తీసుకుంటడు, పన్ను రాయితీ అన్న పొందుతడు. అది రిజిస్టరైన పత్రం. భూమి ఎంతమంది చేతులు మారినా ఆ షరతు భూమి వెంబడే పోతది. ట్రస్టోళ్లు ఏటా వచ్చి చూసిపోతరు. దీన్నే ఈజ్‌మెంట్ అంటరు.

ఈజ్‌మెంట్ మనకు కొత్తదేం కాదు. పక్కోని చేన్లకెల్లి మన బండ్లబాట, మన కాలువ పోతే అది ఈజ్‌మెంటే. దానికి 1882 నుంచే చట్టం ఉన్నది. అయితే ఆ చట్టం ప్రకారం హక్కు అడిగేటోనికి తన సొంత భూమి ఉండాలె. ఆ భూమి అనుభవానికే ఈ హక్కు. ఆ అనుభవంలోకి చిన్న సౌకర్యం, ఆహ్లాదం కూడా వస్తయని చట్టమే చెప్తున్నది. బురుజు స్థలం పంచాయతీ పేర ఉంటే, దాని చుట్టూ కట్టడాలు రాకుంట పక్క రైతుతోని పత్రం రాయించుకునే దారి ఇందులో ఉన్నదని మా ఆలోచన. మన వకీలు మిత్రులు దీన్ని పరీక్షించాలె.

1958 చట్టంలోని 6వ సెక్షన్ కూడా యజమానితో ఒప్పందం చేసుకోవచ్చంటది. కానీ 3 ఏండ్లు దాటితే, 6 నెలల నోటీసుతో ఏ పక్షమైనా దాన్ని రద్దు చేసుకోవచ్చు. మూడేండ్ల కాపలా శాశ్వత రక్షణ ఎట్లయితది? అందుకే పక్కన సొంత భూమి లేకున్నా పంచాయతీయో, ట్రస్టో ఈ హక్కును శాశ్వతంగా పట్టుకునేటట్టు రాష్ట్ర శాసనసభ చట్టం చేయాలె. రైతుకు ఇచ్చే పరిహారం అందులోనే రాయాలె. రైతు ఇష్టపడితేనే పత్రం, బలవంతం వద్దు.

పైసలు ఏడికెల్లి వస్తయంటరా? 1919లో జలియన్‌వాలాబాగ్‌లో నెత్తురు పారితే, మరుసటేడే జనం చందాలేసుకొని ఆ తోటను కొన్నరు. కొన్నరు గనుకనే గోడల మీది తూటాల గుర్తులు మన పిల్లలు చూడగలుగుతున్నరు. 1951లో పార్లమెంటు దానికోసం చట్టం చేసింది. ముందుగాల జనం కదిలిన్రు, వెనుక చట్టం వచ్చింది.

విద్యార్థులు ఒక్కో ఊరికి పోయి, ఆనాటి సంగతులు తెలిసిన పెద్దమనుషులను వెంటబెట్టుకొని, ఏ సర్వే నంబర్ల ఏం జరిగిందో నక్షా గీయాలె. ఉద్యోగులు రికార్డులు చదివి పెట్టాలె. 2014లో రాష్ట్రం తెచ్చుకున్నం. ఆ రాష్ట్రంలో అమరుల నేల ప్లాట్ల కింద పోతే, రేపటి పిల్లలకు స్తూపం మీది పేర్లు చూపిస్తం గానీ, వాళ్లు ఏడ నిలబడి కొట్లాడిన్రో చూపించలేం.

అమరులకు జోహార్లు!