మొదటి శాంప్లర్ కొనే ముందు ఈ మూడు ప్రశ్నలు

మీలో చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. "అన్నా, బీట్స్ మొదలుపెట్టాలి, ఏ శాంప్లర్ కొనాలి?" ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం. ముందే చెప్తున్నా, ఇది అన్‌బాక్సింగ్ వీడియో కాదు. ఏది నంబర్ వన్, ఏది నంబర్ టూ అని కూడా చెప్పను. నేను చేసిన ఒక తప్పు చెప్తా. అది మీరు చేయకుండా ఎలా కొనాలో చెప్తా.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఒక్క మాట. శాంప్లర్ అంటే ఏదైనా ఒక శబ్దాన్ని రికార్డ్ చేసుకుని, ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కని ఒక్కో ప్యాడ్ మీద పెట్టి వేళ్లతో వాయించే మెషీన్. మామూలు కీబోర్డులో శబ్దాలు కంపెనీవాళ్లు పెట్టి ఇస్తారు. శాంప్లర్‌లో ఏ శబ్దం ఉండాలో మీరే నిర్ణయించుకుంటారు. అసలు తేడా అదే.

1987లో ఈ-ము అనే అమెరికన్ కంపెనీ ఎస్‌పి-1200 తెచ్చింది. అందులో మొత్తం కలిపి సుమారు 10 సెకన్ల శబ్దమే పడుతుంది. అందుకని ఆ రోజుల్లో బీట్ మేకర్లు ఏం చేసేవాళ్లంటే, 33 స్పీడ్ రికార్డుని 45 స్పీడులో తిప్పి, గబగబా రికార్డ్ చేసుకుని, మళ్లీ మెషీన్‌లో స్పీడు తగ్గించుకునేవాళ్లు. అలా సెకన్లు మిగుల్చుకున్నారు. మరుసటి ఏడాది, 1988లో, రోజర్ లిన్ డిజైన్ చేసిన అకాయ్ ఎంపిసి-60 వచ్చింది. నాలుగు వరసలు, వరసకి నాలుగు, మొత్తం 16 ప్యాడ్లు. ఇవాళ మీరు చూసే చాలా మెషీన్లలో ఉన్నది ఆ అమరికే. జె డిల్లా వాడిన ఎంపిసి-3000 ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వాళ్ల మ్యూజియంలో ఉంది. ఇదంతా ఎందుకు చెప్తున్నా అంటే, మన జేబులో ఉన్న ఫోన్‌కి ఎస్‌పి-1200 కంటే ఎన్నో రెట్లు మెమరీ ఉంది. కాబట్టి మెమరీ లేక బీట్ రావట్లేదు అనుకోకండి.

అందుకే నా మొదటి సలహా: ముందు ఒక నెల ఏమీ కొనకండి. ఫోన్‌లో కోలా శాంప్లర్ అని ఒక యాప్ ఉంది. ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో రెండింట్లోనూ దొరుకుతుంది. ఫోన్ మైక్‌తోనే శాంపిల్ చేయొచ్చు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ మాత్రం వద్దు, ప్యాడ్ కొట్టిన తర్వాత కాసేపటికి శబ్దం వస్తుంది, తాళం తప్పుతుంది. వైర్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. నెలలో నాలుగు బీట్లు పూర్తి చేశారా? అప్పుడు మెషీన్ కొనండి. ఒక్కటి కూడా పూర్తి కాలేదంటే, మెషీన్ కొన్నా అది షెల్ఫ్ మీద కూర్చుంటుంది.

ఇప్పుడు నా కథ. నా మొదటి మెషీన్ చాలా చిన్నది. మెమరీ తక్కువ, కార్డు స్లాట్ లేదు. ఒక సంక్రాంతికి మా ఊరు తీసుకెళ్లా. పొద్దున్నే మా నానమ్మ "లెవ్వురా బిడ్డా, చాయ్ సల్లారిపోతుంది" అని పిలుస్తుంటే, దుప్పట్లోంచే రికార్డ్ చేశా. ఆ మాటని ముక్కలు చేసి ఒక బీట్ చేశా. నానమ్మకి వినిపిస్తే, "నా గొంతును గిట్ల ఖరాబ్ జేసినవేందిరా" అని ఒకటే నవ్వు. రెండు నెలల తర్వాత కొత్త డ్రమ్స్ కోసం చోటు చాలలేదు. ఆ ప్యాడ్ డిలీట్ చేసేశా. మళ్లీ ఊరికి వెళ్లినప్పుడు రికార్డ్ చేసుకోవచ్చులే అనుకున్నా. ఆ ఏడాది ఎండాకాలం దాటకుండానే నానమ్మ పోయింది. ఇప్పుడు నా దగ్గర ఉన్నది ఒక ఫ్రెండ్‌కి వాట్సాప్‌లో పంపిన బీట్ మాత్రమే. అందులో నానమ్మ గొంతు డ్రమ్స్ కింద సగమే వినిపిస్తుంది. తప్పు మెషీన్‌ది కాదు, నాదే. కానీ కొనేటప్పుడు ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, దాచుకునే పద్ధతి కూడా నేర్చుకునేవాణ్ణి.

సరే, ఆ ప్రశ్నతో కలిపి మొత్తం మూడు ప్రశ్నలు.

మొదటిది: శబ్దం లోపలికి ఎలా వెళ్తుంది? మైక్ లోపలే ఉందా, లేక కేబుల్ పెట్టాలా? టీనేజ్ ఇంజినీరింగ్ వాళ్ల పిఓ-33లో మైక్ ఉంది, రెండు చిన్న పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది, కానీ మొత్తం 40 సెకన్లే పడుతుంది. అదే కంపెనీ 2023లో తెచ్చిన ఈపి-133లో మైక్‌తో పాటు స్పీకర్ కూడా ఉంది. రోలాండ్ ఎస్‌పి-404 ఎంకే2లో మైక్ ఉండదు, బయట నుంచి మైక్ గానీ ఫోన్ గానీ కలపాలి. కోర్గ్ వోల్కా శాంపుల్ మొదటి మోడల్ అయితే నేరుగా రికార్డే చేయదు. శబ్దాలు బయట తయారుచేసి ఎక్కించాలి. సెకండ్ హ్యాండ్‌లో తక్కువకి వస్తోందని తొందరపడి తీసుకోకండి.

రెండోది, నేను అడగని ప్రశ్న: శబ్దం ఎక్కడ దాచుకుంటాం, బయటికి ఎలా తీస్తాం? ఎస్‌పి-404 ఎంకే2లో 16 జీబీ లోపలే ఉంది, ఎస్‌డి కార్డులోకి బ్యాకప్ తీసుకోవచ్చు. ఈపి-133ని యూఎస్‌బీతో కంప్యూటర్‌కి కలిపి బ్యాకప్ చేసుకోవచ్చు. ఎంపిసి వన్‌లో కార్డు, పెన్‌డ్రైవ్ రెండూ పెట్టొచ్చు. ఏది కొన్నా, మనుషుల గొంతు రికార్డ్ చేస్తే అదే రోజు ఇంకోచోట కాపీ పెట్టండి.

మూడోది: మీరు ఎక్కడ కూర్చుని చేస్తారు? హాస్టల్లో ఒక మంచం, ఒక ప్లగ్ పాయింట్, నలుగురు రూమ్మేట్స్ ఉంటే బ్యాటరీతో నడిచేది తీసుకోండి. ఎస్‌పి-404 ఎంకే2 ఆరు ఏఏ సెల్స్‌తో నడుస్తుంది. ఎంపిసి వన్‌కి 7 అంగుళాల టచ్ స్క్రీన్ ఉంది, పాట మొత్తం అందులోనే కట్టుకోవచ్చు, కానీ ప్లగ్ పెట్టాల్సిందే, నేర్చుకోవడానికి టైమ్ కూడా ఎక్కువ పడుతుంది. టేబుల్, ఓపిక రెండూ ఉన్నవాళ్లకి అది మంచిది.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటే చేతిలో పట్టుకుని చూడకుండా డబ్బులు పంపొద్దు. ప్రతి ప్యాడ్‌నీ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి కొట్టి చూడండి. నాబ్స్ తిప్పితే గరగర వస్తుందా వినండి. ఒక శబ్దం రికార్డ్ చేసి, సేవ్ చేసి, ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. అది ఉండాలి. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ డ్యూటీ కూడా లెక్కలో వేసుకోండి.

ఇంకొక్క విషయం. పాత సినిమా పాట నుంచి మూడు సెకన్లు తీసుకుంటే ఏమీ కాదు అని చాలామంది అంటారు. ఇన్ని సెకన్ల లోపు ఫ్రీ అని రూల్ ఏదీ లేదు. ఇంట్లో నేర్చుకోవడానికి వాడటం వేరు, రిలీజ్ చేయడం వేరు. రిలీజ్ చేస్తే హక్కులున్నవాళ్ల పర్మిషన్ కావాలి. దానికంటే మీ వీధిలో ఏముందో వినండి. ఇస్త్రీ బండి, రోకలి, ఆర్టీసీ బస్సు తలుపు, బోనాల్లో మీ ఫ్రెండ్ కొట్టే డప్పు. అతన్ని అడిగి రికార్డ్ చేసుకోండి. అలాంటి శబ్దం ఏ ప్యాక్‌లోనూ దొరకదు.

ఇవాళ్టికి మీకు ఒక పని ఇస్తున్నా. వీడియో అయిపోగానే ఫోన్ తీసి, ఇంట్లో ఎవరిదైనా ఒక మాట రికార్డ్ చేయండి. రెండు చోట్ల సేవ్ చేయండి. మెషీన్ వచ్చే నెల కొనుక్కోవచ్చు. ఆ గొంతు మాత్రం ఇవాళే పట్టుకోండి.