ఒకే పోలిక పిట్టలు



ఫాల్ అనగానే మనకు రంగు మారిన ఆకులు గుర్తొస్తాయి. ఒడ్డు పిట్టలకు మాత్రం అది జూలైలోనే మొదలవుతుంది. ఉత్తరాన ఆర్కిటిక్ ప్రాంతంలో గుడ్లు పొదిగిన పెద్దవి ముందుగా దక్షిణానికి బయలుదేరతాయి. పిల్లలు ఆగస్టులో, దారి చూపే పెద్ద దిక్కు లేకుండా వస్తాయి. పిల్లల్ని కాలేజీ గది దాకా దిగబెట్టి వచ్చే మనకిది నమ్మశక్యం కాదు!

వీటిని చూడాలంటే డెలావేర్‌లోని బాంబే హుక్ మంచి చోటు. 1937లో ఏర్పడిన ఈ రక్షిత ప్రాంతానికి, మన బొంబాయికి సంబంధం లేదు. డచ్చివారు 'చిన్న చెట్ల మొన' అని పెట్టిన పేరు అలా మారింది. అక్కడి బురదలో పిచ్చుకంత పిట్టలు గుంపులుగా మేస్తుంటాయి. మన ఉల్లంకి పిట్టలకు చుట్టాలు. ఇక్కడివారు 'పీప్స్' అంటారు.

ముఖ్యంగా మూడు రకాలు: లీస్ట్, సెమీపామేటెడ్, వెస్టర్న్ శాండ్‌పైపర్లు. లీస్ట్ కాళ్ళు పసుపుపచ్చ, మిగతా రెండింటివి నలుపు. అయితే బురద అంటితే పసుపు కాళ్ళూ నల్లగానే కనిపిస్తాయి. అందుకని ఒళ్ళు చూడాలి. లీస్ట్ మిగతావాటికన్నా గోధుమరంగులో ఉంటుంది, ఒదిగి కూర్చున్నట్టుగా మేస్తుంది. సెమీపామేటెడ్ ముక్కు పొట్టిగా, తిన్నగా ఉంటుంది. వెస్టర్న్ ముక్కు కాస్త పొడవై, చివర కిందికి వంగుతుంది. కానీ కొన్ని సెమీపామేటెడ్ ఆడపిట్టలకూ పొడవు ముక్కు ఉంటుంది. అప్పుడు ఆగస్టులో వచ్చే పిల్లల వీపు చూడాలి. వెస్టర్న్ పిల్లకు భుజాల మీద ఎర్రమట్టి రంగు చార ఉంటుంది.

ఆఫీసులో ముగ్గురు శ్రీనివాసులుంటే మనం ఏం చేస్తాం? ఇంటిపేరు, గొంతు, నడక అన్నీ కలిపి గుర్తుపడతాం. ఇక్కడా అంతే. ఒక్క గుర్తును నమ్ముకోకూడదు.

ఏ పిట్ట అయితే ఏమిటి అంటారా? దక్షిణ అమెరికాలో సురినామ్, ఫ్రెంచ్ గయానా తీరాలలో సెమీపామేటెడ్ పిట్టలను 1980లలో విమానం నుంచి లెక్కించారు. 2008లో మళ్ళీ లెక్కిస్తే సుమారు 80 శాతం తగ్గాయి. ఇప్పుడు వాటి రాకపోకల సమాచారం చాలావరకు మనలాంటి మామూలు మనుషులు పంపేదే. లీస్ట్‌ని సెమీపామేటెడ్ అని రాస్తే, తగ్గిన పిట్ట తగ్గనట్టే కనిపిస్తుంది. సందేహముంటే ఊహించి రాయవద్దు. 2002లో మొదలైన ఈబర్డ్‌లో రకం తేల్చకుండా 'పీప్' అని మాత్రమే నమోదు చేసే వీలుంది. తెలియదని రాయడం కూడా నిజమైన లెక్కే.

వచ్చే నెలలో ఒక ఆదివారం, సముద్రం పోటు మీదున్న వేళ, సూర్యుడు వీపు వెనక ఉండేలా నిలబడండి. బైనాక్యులర్స్ ముందు పిల్లల చేతికివ్వండి. వాళ్ళ కళ్ళు మనవాటికన్నా చురుకు. ముప్పై గ్రాములు తూగే పిట్ట ఆర్కిటిక్ నుంచి దక్షిణ అమెరికా దాకా వెళుతూ మన ఇళ్ళ పక్కన దిగుతోంది. ఆ కాసేపైనా దాన్ని దాని పేరుతో పలకరిద్దాం.