కనబడని మిడత, కనబడే దండు

ముంతజా రూములో ఏసీ ఆపేసి మాట్లాడుతున్నా, రోడ్డు చప్పుడు వినబడితే ఏమనుకోకండి.

ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టిండు: "అన్నా, ఇక్కడి మిడతలు ఇసుక రంగులో ఎందుకుంటయి? మన దగ్గర పచ్చగుంటయి కదా?"

వినంగనే 2020 మే నెల యాదికొచ్చింది. విమానాలు బంద్. నిర్మల్ దగ్గర మా ఊరి నుంచి బాపు ఫోన్ చేసిండు: "మిడతల దండు మహారాష్ట్ర దాకా వచ్చిందట బిడ్డా. సోయా విత్తనాలు తెచ్చిపెట్టిన. వెయ్యాల్నా, వద్దా?" నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నుంచే చదవడం మొదలుపెట్టిన.

దండులో ఉండే ఎడారి మిడత వేరే జాతేమీ కాదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఇసుక రంగులోనో ఆకు రంగులోనో ఉంటది. పక్కన నిలబడ్డా కనబడదు. ఎగిరేది రాత్రిపూటే. ఎర్ర సముద్రం ఒడ్డున సూడాన్, ఎరిత్రియా, సౌదీ, యెమెన్ తీర మైదానాల్లో చలికాలం వాన పడితే తడి ఇసుకలో గుడ్లు పెడతది. గడ్డి, చిన్న పొదలు పచ్చబడితే పిల్లలకు తిండి దొరుకుతది.

తర్వాత నేల ఎండుతది. మిగిలిన నాలుగు పచ్చని పొదల మీదికే మిడతలన్నీ చేరుతయి. వెనుక కాళ్లకు ఇంకో మిడత తగులుతూ ఉంటే కొన్ని గంటల్లోనే నడవడి మారుతది. ఒంట్లో సెరటోనిన్ పెరగడమే కారణమని 2009లో శాస్త్రవేత్తలు చూపించారు. మెల్లగా రంగూ మారుతది. ఇక దాక్కోదు, పగలే గుంపుగా ఎగురుతది. ఒక చదరపు కిలోమీటరు దండు రోజుకు దాదాపు 35 వేల మంది తిండి తింటది.

2020 దండు మూలం మనకు దూరం కాదు. 2018లో మెకును, లుబాన్ తుపాన్లు మనకు దక్షిణాన ఉన్న రబ్ అల్ ఖాలీ ఎడారిని తడిపినయి. మనుషులు తిరగని ఆ చోట మిడతలు తరం మీద తరం పెరిగినయి. అందుకే సర్వేవాళ్లు దండు లేని రోజుల్లో కూడా పొదల చుట్టూ తిరుగుతరు. ఒంటరిగా ఉన్నప్పుడే దొరికితే కొద్ది మందుతో పోతది.

సర్కారు అప్పటికే సరిహద్దు జిల్లాలను అప్రమత్తం చేసింది. "ఏఈవో సారును అడిగి, వాన పడంగనే వెయ్యి బాపూ" అన్న. వేసిండు. దండు మా ఊరికి రాలేదు.

తమ్మీ, ఇసుక రంగే ఆ మిడతకు ప్రాణం. శుక్రవారం అల్ ఖోర్ దిక్కు పోతే పొదల దగ్గర ఆగి చూడు. ఫొటో దొరికితే నాకూ పంపు. ఉంటా మరి.