స్టార్టప్‌కి ఏ రూపం? ప్రొప్రైటర్‌షిప్, పార్ట్‌నర్‌షిప్, ఎల్‌ఎల్‌పీ, ప్రైవేట్ లిమిటెడ్

స్టార్టప్ పెట్టాలనుకునేవాళ్ళు నన్ను ముందుగా అడిగేది ఒకటే: "ప్రైవేట్ లిమిటెడ్ రిజిస్టర్ చేయించమంటారా?" నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. వ్యాపారం దెబ్బతింటే అప్పు ఎవరు కట్టాలి? రేపు పెట్టుబడి ఎక్కడి నుంచి వస్తుంది? ఈ రెండూ తేలితే సగం పని అయినట్టే.

ఇద్దరు స్నేహితులు ఆన్‌లైన్‌లో పచ్చళ్ళు అమ్ముతున్నారనుకుందాం. ఒకాయనకి గుంటూరులో సొంతిల్లు ఉంది, రెండో ఆయనకి ఏ ఆస్తీ లేదు. కాగితం రాసుకోకపోయినా, లాభం పంచుకుంటూ కలిసి వ్యాపారం చేస్తున్నారు కాబట్టి 1932 నాటి భాగస్వామ్య చట్టం వాళ్ళని భాగస్వాములుగానే చూస్తుంది. రెండో ఆయన వ్యాపారం కోసం సరుకు అప్పు తెచ్చి కట్టలేకపోతే, అప్పిచ్చినవాళ్ళు బాకీ మొత్తం మొదటి ఆయన దగ్గరే వసూలు చేసుకోవచ్చు. "నా వాటా సగమే కదా" అంటే కుదరదు. ఇల్లే పోవచ్చు.

ఒక్కరే నడిపే ప్రొప్రైటర్‌షిప్ మొదలుపెట్టడం సులువు. కానీ చట్టం దృష్టిలో మీరూ వ్యాపారమూ ఒకటే. వ్యాపారం అప్పంటే మీ అప్పే.

ఎల్‌ఎల్‌పీలో, అంటే 2008 చట్టం కింద వచ్చిన పరిమిత బాధ్యత భాగస్వామ్యంలో, మామూలుగా మీ సొంత ఆస్తి జోలికి రారు. టర్నోవర్ 40 లక్షలు, భాగస్వాముల పెట్టుబడి 25 లక్షలు దాటనంతవరకు ఆ చట్టం కింద ఆడిట్ కూడా తప్పనిసరి కాదు. అయితే ఇందులో షేర్లు ఉండవు. అందుకే ఇన్వెస్టర్లు పెద్దగా ఇష్టపడరు.

ప్రైవేట్ లిమిటెడ్‌కి కనీసం ఇద్దరు వాటాదారులు, ఇద్దరు డైరెక్టర్లు కావాలి. ఒక్కరే ఉంటే వన్ పర్సన్ కంపెనీ అనే దారి ఉంది. ఇన్వెస్టర్‌కి షేర్లు ఇవ్వొచ్చు, ఉద్యోగులకి ఈసాప్స్ ఇవ్వొచ్చు. కానీ రూపాయి అమ్మకం లేకపోయినా సాధారణంగా ఏటా ఆడిట్ చేయించాల్సిందే. వార్షిక ఫారాలు ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకి 100 రూపాయలు అదనంగా పడుతుంది. మూలన పడేసిన కంపెనీకి కూడా ఆ మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ఇంకో మాట. లిమిటెడ్ అని ధీమాగా ఉండకండి. బ్యాంకు లోన్ ఇచ్చేటప్పుడు డైరెక్టర్ల వ్యక్తిగత హామీ అడగడం మామూలే. ఆ సంతకం పెట్టారంటే మీ ఇల్లు మళ్ళీ లెక్కలోకి వచ్చినట్టే.

నా సలహా ఇదీ. ఏడాది రెండేళ్ళలో ఇన్వెస్టర్ల దగ్గరికి వెళ్తారా? ప్రైవేట్ లిమిటెడ్. సొంత డబ్బుతో ఇద్దరు ముగ్గురు కలిసి సర్వీసు వ్యాపారం చేస్తారా? ఎల్‌ఎల్‌పీ. అప్పు లేకుండా ఒక్కరే ఐడియా పరీక్షిస్తారా? ప్రొప్రైటర్‌షిప్ చాలు, తర్వాత మార్చుకోవచ్చు.

ఏది ఎంచుకున్నా, ఎవరి వాటా ఎంత, మధ్యలో వెళ్ళిపోతే ఆ వాటా ఏమవుతుంది, బ్రాండ్ పేరు ఎవరిది అన్నవి స్నేహం బాగున్నప్పుడే రాసుకోండి. ఆ ఒప్పందంలో ఏమేం ఉండాలో వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటానండీ.