నెలనెలా కట్టడం వేరు, నెలనెలా మానగలగడం వేరు

(చదువుకూ ఉద్యోగానికీ జర్మనీకి వెళ్లనున్న తెలుగు యువతకు, వారి తల్లిదండ్రులకు షోలాపూర్‌లో ఏర్పాటైన సభలో నగరపాలిక అనువాద విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



వీసా గురించి, విశ్వవిద్యాలయ ప్రవేశం గురించి, అద్దె ఇల్లు దొరకడం గురించి మీకు చెప్పేవారు అనేకులు ఉన్నారు. ఈనాడు నేను ఎంచుకున్న విషయం వాటితో పోల్చితే చిన్నది. కొద్దికాలం ఉండడానికి జర్మనీ వెళ్లినవారు అక్కడ జిమ్‌లో చేరడం ఎట్లా అన్నదే ఆ విషయం. చిన్నదే అయినా దీని గురించి ప్రత్యేకంగా మాట్లాడవలసిన అవసరం ఉంది. ఇంటి ఒప్పందం మీద సంతకం చేసేముందు మన పిల్లలు పదిమందిని అడుగుతారు. బ్యాంకు ఖాతాకూ ఆరోగ్య బీమాకూ సలహా తీసుకుంటారు. జిమ్‌లో చేరేముందు మాత్రం ఎవరినీ అడగరు. ఫోనులో నాలుగు గడులు నింపి, బ్యాంకు ఖాతా సంఖ్య ఇచ్చి, ఒక మీట నొక్కుతారు. పరాయి దేశపు చట్టానికి లోబడి, పరాయి భాషలో, తమంత తాముగా ఒప్పుకొన్న తొలి ఒప్పందం చాలామందికి అదే అవుతుంది.

వ్యాయామశాల అంటే మన మనసులో ఉన్న రూపం వేరు. తెలుగులో దానికి సాముగరిడి అనే చక్కని పాత పేరు ఉంది. మన పూర్వులు మగ్గాలతో ఇక్కడికి వచ్చి స్థిరపడిన ఈ పట్టణంలో దానినే తాలీం అంటాము. తాలీంలో చేరడానికి కాగితం అక్కరలేదు. ఉస్తాదుకు నమస్కరించి మట్టిలో దిగితే చేరినట్లే, నాలుగు రోజులు కనబడకపోతే మానినట్లే. ఈ నగరంలోని నేటి జిమ్‌లలో సైతం నెల రుసుము కట్టినవాడు ఆ నెల వస్తాడు, కట్టనివాడు రాడు. కట్టడం ఆపితే చాలు, సంబంధం తెగిపోతుంది. మనకు అలవాటైన ఈ న్యాయం జర్మనీలో చెల్లదు. అక్కడ రాకపోవడం మానడం కాదు. కట్టకపోవడమూ మానడం కాదు. మానుతున్నానని గడువులోగా రాతపూర్వకంగా తెలిపితేనే మానినట్లు.

ఇందులో అందరినీ పొరపాటు పడనిచ్చే మాట ఒకటి ఉంది. ప్రకటనలో పెద్ద అక్షరాలతో నెలకు ఇన్ని యూరోలు అని ఉంటుంది. చూసినవారు అది నెలవారీ ఒప్పందం అనుకుంటారు. నెలనెలా కట్టడం వేరు, నెలనెలా మానగలగడం వేరు. మొదటిది సొమ్ము ఎట్లా చెల్లించాలో చెబుతుంది. రెండవది మీరు ఎంతకాలం కట్టుబడి ఉన్నారో చెబుతుంది. ఆ రెండవ సంగతి ఒప్పందంలో 'మిండెస్ట్‌లౌఫ్‌త్సైట్' అనే పదం పక్కన ఉంటుంది. కనిష్ఠ కాలపరిమితి అని దాని అర్థం. దాని పక్కన 12 నెలలు అని గాని, 24 నెలలు అని గాని ఉంటే, నెలనెలా చెల్లించేది నిజానికి ఏడాదికో రెండేళ్లకో ఒప్పుకొన్న మొత్తంలో ఒక్కొక్క వాయిదా మాత్రమే.

లెక్క వేసి చూద్దాము. ఒక విద్యార్థి పది నెలల మార్పిడి చదువు కోసం వెళ్లాడనుకోండి. నెలకు 25 యూరోల చొప్పున 24 నెలల ఒప్పందం చేసుకొన్నాడు. పది నెలల తరువాత స్వదేశానికి తిరిగి వచ్చినా మిగిలిన 14 నెలలకు 350 యూరోలు బాకీ ఉంటాడు. విద్యార్థి వీసా కోసం జర్మనీలో తెరిచే నిరోధిత ఖాతా నుండి నెలకు తీసుకోగలిగినది 992 యూరోలని 2024 సెప్టెంబరు నుండి నిర్ణయించారు. గది అద్దె, తిండి, బీమా అన్నీ అందులోనే. అంటే తాను అడుగు పెట్టని జిమ్‌కు ఆ విద్యార్థి చెల్లించవలసినది నెల ఖర్చులో మూడవ వంతు కంటె ఎక్కువ. అదీ గాక కొన్నిచోట్ల చేరిక రుసుము, ఆరు నెలలకొకసారి సేవా రుసుము అంటూ విడిగా వసూలు చేస్తారు. కొందరు ధరను వారానికి చెబుతారు. కాబట్టి ఏ ధర చూసినా దానిని మొత్తం ఒప్పంద కాలానికి లెక్కగట్టి చూడాలి.

ఇక చట్టం ఏమంటున్నదో చూద్దాము. తొలి ఒప్పందాన్ని రెండేళ్లకు మించి పెట్టడానికి వీలులేదు. 2022 మార్చి 1 తరువాత చేసుకొన్న ఒప్పందాల విషయంలో వినియోగదారుకు మరొక మేలు జరిగింది. అంతకు పూర్వం గడువు ముగియడానికి మూడు నెలల ముందే నోటీసు ఇవ్వకపోతే ఒప్పందం మరొక ఏడాది దానంతటదే పొడిగింపబడేది. ఇప్పుడు తొలి గడువు చివర మానడానికి నెలకు మించిన ముందస్తు నోటీసు అడగరాదు. ఆ తేదీ దాటిపోయినా ఒప్పందం అనిశ్చిత కాలానికే కొనసాగుతుంది, ఒక నెల నోటీసుతో ఎప్పుడైనా దానిని ముగించవచ్చు. ఇది మంచి మార్పు. అయితే ఈ చట్టం తొలి గడువును తగ్గించలేదన్నది గుర్తుంచుకోవాలి. రెండేళ్లకు సంతకం చేసినవారికి ఆ రెండేళ్లూ రెండేళ్లే.

"నేను దేశమే విడిచి వెళ్తున్నాను కదా, ఇక ఆ ఒప్పందం ఎట్లా నిలుస్తుంది?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఇటువంటి ప్రశ్నే జర్మనీ సమాఖ్య అత్యున్నత న్యాయస్థానం ముందుకు వచ్చింది. హానోవర్‌లో జిమ్ సభ్యుడైన ఒక వ్యక్తి సైన్యంలో చేరాడు. ఉద్యోగరీత్యా వేరే నగరాలకు వెళ్లవలసి వచ్చింది. ఇల్లు మారాను కనుక ఒప్పందం నుండి విడుదల చేయండని కోరాడు. 2016 మే 4న న్యాయస్థానం తీర్పు చెబుతూ, నివాసం మారడం, అది ఉద్యోగం వల్లనే అయినా, ఒప్పందాన్ని గడువుకు ముందే తెంచుకోవడానికి సాధారణంగా తగిన కారణం కాదని అన్నది. మారేది సభ్యుని జీవితం, కనుక ఆ మార్పు భారం కూడా సభ్యునిదేనన్నది తీర్పులోని తర్కం. తీవ్రమైన అనారోగ్యం, గర్భధారణ వంటి కారణాలు మాత్రం వేరు. వాటికి మినహాయింపు దొరకవచ్చు.

ఈ తీర్పు మనవారికి ఎంత ముఖ్యమో ఆలోచించండి. ఒక సెమిస్టరు చదువుకు వెళ్లేవారు ఉన్నారు. 2024 జూన్ నుండి అమలులోకి వచ్చిన 'షాన్సెన్‌కార్టె' అనే అవకాశ పత్రం మీద, ఏడాదిలోపు ఉద్యోగం వెతుక్కోవడానికి వెళ్లేవారు ఉన్నారు. కంపెనీ పంపితే ఎనిమిది నెలలకు వెళ్లేవారు ఉన్నారు. వీరెవరికీ తాము రెండేళ్ల తరువాత ఏ దేశంలో ఉంటామో తెలియదు. కొన్ని జిమ్‌లు దేశం విడిచి వెళ్లేవారిని, నివాస నమోదు రద్దు పత్రం చూపితే, ముందుగానే విడుదల చేస్తాయి. అది ఒప్పందంలో రాసి ఉంటే మీకు హక్కు. రాసి లేకపోతే వారి దయ. చేరేనాడే ఆ వాక్యం ఉందో లేదో వెతకండి. కౌంటరు వద్ద నోటిమాటగా చెప్పిన అభయం కాగితం మీద లేకపోతే దానిని నమ్ముకోవద్దు.

అనువాదకవృత్తిలో ఉన్నందున మరొక చిక్కును ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. ఒప్పంద పత్రాలలో 'విడర్‌రూఫ్', 'క్యుండిగుంగ్' అని రెండు పదాలు కనబడతాయి. ఫోనులోని అనువాద యంత్రం రెండింటినీ రద్దు అనే చెప్పవచ్చు. అవి ఒకటి కావు. విడర్‌రూఫ్ అంటే ఉపసంహరణ. ఒప్పందం అసలు జరగనట్లే వెనుకకు తీసుకోవడం. ఇంటర్నెట్‌లో చేరినవారికి ఇందుకు 14 రోజుల గడువు ఉంటుంది, కారణం చెప్పనక్కరలేదు. జిమ్‌కు స్వయంగా వెళ్లి కౌంటరు వద్ద సంతకం చేసినవారికి మాత్రం చట్టం ఈ హక్కు ఇవ్వలేదు. క్యుండిగుంగ్ అంటే విరమణ. ఇంతవరకు జరిగినది జరిగినట్లే ఉండగా, ఇకముందు కొనసాగించనని తెలపడం. మొదటిది రాయవలసిన చోట రెండవది రాస్తే, పద్నాలుగు రోజులలో ఉచితంగా బయటపడవలసినవారు రెండేళ్ల చివరిదాకా కట్టుబడిపోవచ్చు.

మూడవ పదం విరామం. సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు సభ్యత్వాన్ని కొన్ని నెలలు ఆపి ఉంచమని కోరవచ్చు. చాలాచోట్ల ఆ నెలలు ఒప్పందం చివర చేరతాయి. రుసుము ఇప్పుడు తప్పుతుంది, గడువు పెరుగుతుంది. త్వరలో తిరిగి వచ్చేయబోయేవారికి ఇది లాభం కాదు.

విరమణ పత్రం పంపే పద్ధతి సులభమే. 2016 అక్టోబరు నుండి చేసుకొన్న ఒప్పందాలలో ఈమెయిలు చాలు, చేతి సంతకం ఉన్న ఉత్తరమే కావాలని వారు పట్టుబట్టరాదు. ఇంటర్నెట్‌లో చేరే వీలు కల్పించిన సంస్థలు తమ వెబ్‌సైటులోనే విరమణ మీట కూడా ఉంచాలని 2022 జులై 1 నుండి నియమం. పేరు, సభ్యత్వ సంఖ్య, ఏ తేదీ నుండి మానుతున్నారు అన్న మూడూ రాయండి. అందినట్లు ధ్రువీకరణ కోరండి. ఆ జవాబును బ్యాంకు కాగితాలతోపాటు దాచుకోండి.

ఖాతా మూసివేస్తే పీడ వదులుతుందని అనుకొనేవారు ఉన్నారు. సెపా పద్ధతిలో ఖాతా నుండి లాగుకొన్న సొమ్మును ఎనిమిది వారాలలోగా వెనుకకు రప్పించుకొనే వీలు నిజంగానే ఉంది. అయితే సొమ్ము వెనుకకు వచ్చినా బాకీ తీరదు. గుర్తుచేసే ఉత్తరాలు వస్తాయి, ఆపైన వసూలు సంస్థ రంగంలోకి దిగుతుంది, దాని ఖర్చులు అసలు మీద పడతాయి. జర్మనీలో ఇల్లు అద్దెకిచ్చేవారు చూసే రుణ చరిత్రలో ఆ మచ్చ చేరే ప్రమాదం ఉంది. మళ్లీ ఉద్యోగానికి అక్కడికే వెళ్లాలనుకొనే విద్యార్థికి ఇది మూడు వందల యూరోల కంటె పెద్ద నష్టం.

ఇంత విన్న తరువాత, జిమ్ మాటే వద్దని తల్లిదండ్రులు అనుకోవద్దు. డిసెంబరులో బెర్లిన్‌లో సాయంత్రం నాలుగు గంటలకే చీకటి పడుతుంది. తెలిసినవారు లేని ఊరిలో, గదిలో ఒంటరిగా, లాప్‌టాప్ ముందు గడిచే ఆ నెలలలో ఒళ్లు అలసేటట్లు కదలడం అవసరం. అందుకు తగిన మార్గాలు అక్కడే ఉన్నాయి.

విద్యార్థులు మొదట చూడవలసినది 'హోఖ్‌షూల్‌స్పోర్ట్', అంటే విశ్వవిద్యాలయ క్రీడా విభాగం. అక్కడ తరగతులు సెమిస్టరు లెక్కన ఉంటాయి, రుసుము స్వల్పం, సెమిస్టరుతోపాటు ఒప్పందమూ ముగుస్తుంది. రెండవది 'ఫెరైన్', అంటే క్రీడా సంఘం. ఫ్రీడ్రిష్ లుడ్విగ్ యాన్ అనే ఉపాధ్యాయుడు 1811లో బెర్లిన్‌లోని హాజెన్‌హైడె మైదానంలో ఆరుబయట వ్యాయామస్థలం తెరిచాడు. ఆ ఉద్యమం నుండి పెరిగిన సంఘాల సంప్రదాయం నేడు దేశమంతటా ఉంది. క్రీడా సంఘాల సంఖ్య ఎనభై వేలకు పైబడింది. మన తాలీంకు దగ్గరి బంధువు అదే. భాష తడబడినా బంతి ఆడవచ్చు, ఆట తరువాత నలుగురితో కూర్చోవచ్చు. అయితే సంఘానికీ నియమావళి ఉంటుంది. కొన్నింటిలో ఏడాది చివరనే మానడానికి వీలుంటుంది. అదీ చదవాలి. మూడవది నెల నోటీసుతో మానగలిగే జిమ్ సభ్యత్వం. నెల రుసుము కొంత ఎక్కువైనా, పది నెలలు ఉండేవారికి మొత్తం మీద అదే చౌక. చాలా జిమ్‌లు ఒకరోజు ఉచితంగా సాధన చేసి చూడనిస్తాయి. ముందు అది చేయండి, ఒప్పంద నకలు ఇంటికి తెచ్చుకొని చదవండి, తరువాతనే సంతకం పెట్టండి.

మర్యాదలు రెండు మూడు మాటలలో చెబుతాను. బల్ల మీద, యంత్రం మీద సొంత తువాలు పరచకుండా కూర్చోరాదు. వీధిలో తొడిగిన బూట్లతో లోపలికి వెళ్లరాదు, వేరే శుభ్రమైన జత ఉండాలి. పెట్టెకు తాళం చాలాచోట్ల మనమే తెచ్చుకోవాలి. ఆవిరి గదిలో అక్కడివారు స్త్రీపురుష భేదం లేకుండా వస్త్రాలు లేకుండానే కూర్చోవడం సామాన్యం. అది ఇష్టం లేనివారు అటు వెళ్లనక్కరలేదు. స్త్రీలకు మాత్రమే నడిచే జిమ్‌లు కూడా నగరాలలో ఉన్నాయి.

చివరగా తల్లిదండ్రులకు ఒక మనవి. అబ్బాయి గాని అమ్మాయి గాని ఫోనులో జిమ్‌లో చేరానని చెప్పినప్పుడు, నెలకు ఎంత అని అడగడం మనకు సహజం. దానితోపాటు, ఆ ఒప్పందం ఏ తేదీకి ముగుస్తుంది, నీ వీసా ఏ తేదీకి ముగుస్తుంది అని అడగండి. ఒప్పందం వీసా కంటె ముందు ముగిసేదైతే నిశ్చింతగా ఉండవచ్చు. తరువాత ముగిసేదైతే, ఇంటర్నెట్‌లో చేరి 14 రోజులు దాటకపోతే ఆనాడే ఉపసంహరణ రాయించండి. గడువు దాటిపోయి ఉంటే విరమణ ఉత్తరం వెంటనే పంపించి, ముగింపు తేదీని రాతపూర్వకంగా తెప్పించుకోమనండి. కాగితం అర్థం కాకపోతే మా విభాగానికి తీసుకురండి, కూర్చుని చదువుకుందాము.